క్లచ్ మీద కాలు

ఆ బండి డ్రైవరు సీటులోకి ఎవరు ఎక్కినా ఎడమకాలి చెప్పు కింద విడిచి ఎక్కేవాళ్ళు. కుడికాలి చెప్పు ఉన్నా ఫరవాలేదు. బ్రేకుకీ యాక్సిలరేటరుకీ ఏ మర్యాదా లేదు. మర్యాదంతా ఎడమవైపు ఉన్న క్లచ్ పెడలుకే. మా అన్న రోజూ పొద్దున సీటులో కూర్చుని, ముందుకు వంగి ఆ పెడలును చేత్తో తాకి, కళ్ళకు అద్దుకుని, అప్పుడు దాని మీద ఉత్తకాలు మోపేవాడు.

మొదటిసారి చూసినప్పుడు నేను పకపకా నవ్వాను. షెడ్డులో ఇంకెవరూ నవ్వలేదు.

నేను మద్రాసులో పెరిగినదాన్ని. అమ్మ పోయాక అన్నను కడపలో అవ్వ పెంచింది, నన్ను మద్రాసులో మేనమామ పెంచాడు. మామకు మోటారు వర్క్‌షాపు ఉండేది. ముందు షాపు, వెనక ఇల్లు. విప్పిన ఇంజన్ల మధ్యే ఆడుకున్నాను, అక్కడే చదువుకున్నాను. కర్నూలు రాజధాని అయినప్పుడు నాన్న ఆఫీసు అక్కడి డేరాల్లోకి మారితే ఆయనకు వండిపెట్టడానికి వచ్చి, ఆ గుడ్డ కప్పుల కింద రెండు వేసవులు ఉడికాను. ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది, దాని వెంట నాన్నా పోయాడు. నేను మాత్రం కడపకు, అన్న దగ్గరికి వచ్చాను. అన్న పనిచేసే బస్సుల ఓనరు మద్రాసు వాళ్ళతో ఫోనులో అరవం మాట్లాడి సామాన్లు తెప్పించే మనిషి కోసం చూస్తున్నాడు. నన్ను పెట్టుకున్నాడు.

రోజంతా రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే ఉండేదాన్ని. టీ తాగుతున్నా, టిక్కెట్ల కట్టలు కడుతున్నా అది వదిలేదాన్ని కాదు. నల్లగా, బరువుగా, ఎండాకాలంలో చెంపకు చెమటతో అంటుకుపోయేది. షెడ్డులో నా పేరు పోయి ‘ఫోను పాప’ అయ్యాను. “ఫోను పాప నిద్రలో కూడా హలో అంటాదంట,” అని కండక్టర్లు నవ్వేవాళ్ళు. నాకు కోపం వస్తే రిసీవరును ఎంత గట్టిగా పెడతానంటే, బయట చెట్టు మీది కాకులు లేచేవని కూడా అనేవాళ్ళు. అందులో అబద్ధం లేదు.

ఆ బండి కడప నుంచి రాయచోటికి తిరిగేది. మధ్యలో గువ్వలచెరువు కనుమ ఎక్కాలి. కనుమ మీద ఫారెస్టు గేటు దగ్గర ఒక చేతిపిడి ఫోను ఉండేది. అడవికి నిప్పంటుకుంటే చెప్పడానికి పెట్టారేమో. గేటు కాపలాదారుకు మా బండ్లంటే ఇష్టం. బండి పైకి చేరగానే పిడి తిప్పి, “ఎక్కింది పాపా,” అనేవాడు. అంతే. ఆ రెండు మాటలు వినేదాకా నాకు అన్నం దిగేది కాదు.

అన్నకు ముందు ఆ బండిని నడిపినాయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన ఎడమకాలు చిన్నప్పటి జబ్బుతో పొట్టిగా మిగిలిపోయింది. ఎడమ చెప్పుకు టైరు ముక్కలు పొరలు పొరలుగా కుట్టించుకుని ఎత్తు చేసుకునేవాడు. బండిలో కూర్చున్నాక ఆ చెప్పు విప్పి పక్కన పెట్టి, ఉత్తకాలితో తొక్కేవాడు. పొట్టికాలు కిందిదాకా అందదు కదా, అందుకని పెడలు మీద ఇలా కాలు పెట్టగానే అలా క్లచ్ విడిపోయేలా బిగించుకున్నాడు. మామూలుగా పెడలుకు పైన కొంత వదులు ఉండాలి. ఆయన దానికి వదులే దాదాపు లేకుండా చేసుకున్నాడు. లోపలి ప్లేటు మీది లైనింగు అరిగే కొద్దీ ఆ కాస్త వదులూ తగ్గిపోతుంది కాబట్టి, ప్రతి ఆదివారం బండి కింద పడుకుని తానే పానా పట్టి నట్టును సరిచేసుకునేవాడు. ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

నేను రావడానికి కొన్ని నెలల ముందు, కనుమలో గేటు కింది మలుపు దగ్గర ఆయనకు గుండెల్లో పోటు వచ్చింది. బండిని పక్కకు తీశాడు, చేతి బ్రేకు లాగాడు. “రాయి పెట్టు,” అన్నాడు. అప్పుడు అన్న ఆ బండికి కండక్టరు. దిగి చక్రం కింద రాయి పెట్టి వచ్చేసరికి పెద్దాయన స్టీరింగు మీదికి వాలిపోయి ఉన్నాడు. ఎడమకాలు మాత్రం క్లచ్‌ను అడుగుదాకా నొక్కి పట్టే ఉంది. ఆయన్ని దించుదామంటే ఆ కాలు రాలేదు. అన్నే రెండు చేతులతో పట్టుకుని పెడలు మీది నుంచి తీశాడు.

“అంత పొట్టికాలు అడుగుదాకా ఎట్ల అందిందో దేవునికే తెలియల్ల,” అనేవాడు అన్న. ఇది చెప్పినప్పుడల్లా తన చేతులు చూసుకునేవాడు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. డ్రైవరుగానీ మేస్త్రీగానీ చనిపోతే, వాళ్ళు ఆఖరున తమ చేత్తో బిగించిన నట్టును ఏడాది తిరిగేదాకా ఎవరూ విప్పరు. చక్రం నట్టయితే చక్రాన్నే పక్కన పెట్టేస్తారు. పెద్దాయన ఆఖరున బిగించింది ఆ క్లచ్ రాడ్డు నట్టు. మేస్త్రీ సాయబు దాని మీద కుంకుమ నూనెలో కలిపి పూశాడు. ఆయన మసీదుకు పోయే మనిషి. అయినా షెడ్డు పద్ధతి షెడ్డుదే. ప్రతి శుక్రవారం పెద్దాయన భార్య వచ్చి, ఏమీ మాట్లాడకుండా బండి ఎక్కి, పెడలు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి దిగిపోయేది. ఆ నట్టు, ఆ పెడలు, దాన్ని తాకే అన్న. వీటిని అలాగే ఉంచి బండిని కనుమ ఎక్కించేవాళ్ళు.

ఎండలు ముదిరాక మొదలైంది. బండి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంజను అరిచేది గానీ చక్రాలకు బలం అందేది కాదు. నిలిచిపోయేది. క్లచ్ చల్లారేదాకా జనం దిగి బండరాళ్ళ నీడన కూర్చునేవాళ్ళు. మళ్ళీ ఎక్కేది. సాయంత్రం అన్న ఇంటికి వస్తే చొక్కాలోంచి, జుట్టులోంచి ఒక వాసన. కాలిన రబ్బరూ కాలిన వెంట్రుకలూ కలిసిన వాసన. మామ షాపులో పుట్టి పెరిగినదానికి అది తెలియకుండా ఎలా ఉంటుంది? క్లచ్ లైనింగు మాడుతోంది.

ఓనరు అన్నను పిలిపించి కడిగేశాడు. “ఏమప్పా, కాలు పెడలు మీద ఆనించి తోలుతాండావు కదా? కాలు ఆనిస్తే లైనింగు మాడకుండా పండగ చేసుకుంటాదా?”

“నేను ఆనించడంలేదు సామీ.”

“మరి నేను ఆనిస్తాండానా, ఈడ కుర్చీలో కూచోని?”

అన్న తల దించుకున్నాడు. మరుసటి రోజు కనుమ మొదలయ్యే చోట ఎడమకాలు మడిచి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడట. గేరు మార్చాల్సినప్పుడు తప్ప కిందికి దించలేదట. కండక్టరును సాక్షిగా పిలిచి చూపించాడట. అయినా మలుపు దగ్గర అదే అరుపు, అదే వాసన.

ఆ రాత్రి సంగటి ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

“నా కాలు ఆడ లేదు మే,” అన్నాడు.

“లేకపోతే ఎవరి కాలు ఉందన్నా?”

“నీకు తెలియదా?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “చచ్చిపోయినాయనకు వేరే పని లేదా, నీ బండి క్లచ్ తొక్కుతూ కూర్చోవడానికి!”

“గమ్మునుండు,” అన్నాడు. గట్టిగా కాదు. పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, వాళ్ళు లేస్తారన్నట్టు మెల్లగా అన్నాడు. మాకు పక్క గది లేదు.

మర్నాడు ఫోను మోగింది. గేటాయన.

“పాపా, మీ బండి మలుపు కాడ ఉండాది. ఇంజను ఒకటే అరుస్తాండాది, బండి చూస్తే తాబేలు.”

“రిసీవరు బయటికి పట్టు.”

“యా పక్కకు?”

“లోయ పక్కకు. చెయ్యి చాపి పట్టు.”

“ఫోనుకు చెవులుండాయా పాపా, వినడానికి?”

“నీకున్నాయి కదా, చెప్పింది విను! పట్టు!”

పట్టాడు. ముందు గాలి. తర్వాత దూరంగా మా బండి. బరువుతో ఎక్కే ఇంజనుకు ఒక గొంతు ఉంటుంది. మూట నెత్తిన పెట్టుకుని గట్టెక్కే మనిషి మూలిగినట్టు, ఎక్కే కొద్దీ కిందికి దిగుతుంది. ఇది మూలుగు కాదు. కీచుమంటూ పైపైకి పోతోంది. మూట కింద పడేసి పరుగెత్తుతున్న ఇంజను. లోపల ప్లేటు పట్టు వదిలేసింది. ఎవరో పెడలు మీద సగం కాలు మోపితే సరిగ్గా ఇలాగే అరుస్తుంది. ఎండకు తలుపులు వేసుకున్న ఆ ఆఫీసు గదిలో, చెవికి అంటుకున్న రిసీవరులో ఆ అరుపు వింటుంటే, అన్న చెప్పింది నిజమేనేమో అని ఒక్క క్షణం నా వీపు మీద చల్లగా పాకింది. అలా పాకినందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మద్రాసుకు ట్రంకాల్ బుక్ చేసి మామను పట్టుకున్నాను. చెప్పిందంతా విని మామ, “పెడలుకు పైన ఖాళీ ఎంత ఉంది?” అని అడిగాడు.

“ఏమీ లేదు. వేలు పెడితేనే తగులుతోంది.”

“అదే మరి. లైనింగు అరిగి ఖాళీ మొత్తం పోయింది. ఇప్పుడు నువ్వు తొక్కకపోయినా అది తొక్కినట్టే ఉంటుంది. చదును రోడ్డు మీద, మైదుకూరు లాంటి దారిలో అయితే ఏదో నెట్టుకొస్తుంది. కనుమ ఎక్కేటప్పుడు బరువుకు తాళలేదు. వేడెక్కే కొద్దీ ఇంకా జారుతుంది. కొత్త ప్లేటు, కొండదారికి గట్టి స్ప్రింగులు పంపిస్తాను. కానీ బంగారూ, రెండు వేళ్ళ ఖాళీ వదలకుండా ఏ స్ప్రింగులు పెట్టినా వాటినీ కాల్చుకు తింటుంది.”

రైలు పార్సిలు వచ్చింది. విప్పి మేస్త్రీ సాయబు ముందు పెట్టాను. ఆయన ప్లేటును వెలుతురుకు పట్టి చూశాడు, స్ప్రింగును వేళ్ళ మధ్య నొక్కాడు. మురిసిపోయాడు. తర్వాత జాగ్రత్తగా మళ్ళీ కాగితం చుట్టాడు.

“మంచి మాలు బిడ్డా. సంవత్సరీకం అయినంక వేస్తాం.”

“అప్పటిదాకా బండి కనుమలో నిలబడి సంవత్సరీకానికి రోజులు లెక్కపెట్టుకుంటుందా?”

“ఇది వెయ్యల్లంటే ఆ నట్టు విప్పల్ల. అది ఆయన చేతి బిగువు.”

“మీ పద్ధతి ఇంకొకరికి సంవత్సరీకం తెచ్చిపెడుతుంది, మేస్త్రీ!”

షెడ్డులో అందరూ పనులాపి చూశారు. మేస్త్రీ నా వంక చూడలేదు. “నీకు తెలిసేది ఇనుము బిడ్డా,” అన్నాడు. “ఆ బండి తోలేటోడిది ఇనుము కాదు. మీయన్న తిప్పమంటే తిప్పుతా.”

అన్న తిప్పమనలేదు. “అది తిప్పితే ఆయన దిగిపోతాడు మే,” అన్నాడు. “నాకు స్టీరింగు నేర్పించినోడు. ఆయన బండిలో ఉండాడని నేను ఆ సీటులో కూచుంటాండా. లేకుంటే ఆ మలుపు కాడ నా చేతులు వణుకుతాయి.”

అప్పుడు అర్థమైంది. వాడు దయ్యానికి భయపడటం లేదు. అది లేకుండా పోతుందని భయపడుతున్నాడు. దానికి నా దగ్గర పానా లేదు.

సంతరోజు బండి నిండా జనం, పైన చెనిక్కాయల మూటలు. ఫోను మోగితే ఎత్తాను. “హలో” అన్నాను. మాట లేదు. ఆ కీచు అరుపు మాత్రం పైకి, ఇంకా పైకి పోయి, ఠక్కున ఆగిపోయింది. తర్వాత ఏదో కిందపడిన చప్పుడు. గేటాయన రిసీవరు వదిలేసి పరుగెత్తాడని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. తీగకు అటు చివర ఎవరూ లేరు. గాలి వస్తోంది. రిసీవరు తీగ మీద ఊగుతూ గోడకు టక్, టక్ అని తగులుతోంది. నేను పెట్టెయ్యలేదు. “హలో, హలో” అని అరిచి అరిచి ఊరుకున్నాను. ఓనరు వచ్చి నా ముఖం చూసి ఏమీ అడక్కుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ టక్ టక్ వింటూ ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

చివరికి ఊపిరి వినిపించింది. తర్వాత అన్న గొంతు.

“మే... నేనే.”

రిసీవరును రెండు చేతులతో పట్టుకున్నాను.

“బండి వెనక్కి వచ్చింది మే, బరువుకు బ్రేకు పట్టలా. మలుపు కాడ. వెనక చక్రం కట్ట అంచుదాకా పోయింది. కండక్టరు పెట్టిన రాయి ఆపింది. అందరూ బాగుండారు. ఒక ముసలామె దిగి, నీ బండి కంటే నా మోకాళ్ళే నయం నాయనా అని నడిచి పోయింది.” నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే విరిగింది. “కాలు తియ్యి సామీ, కాలు తియ్యి అని మొత్తుకున్యా. తియ్యలా.”

రిసీవరు పెట్టేసి నేరుగా పెద్దాయన ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో చేట ఒళ్ళో పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

“మీ ఆయన కాలు మా అన్న బండిలో ఉందట,” అన్నాను. “నట్టు తిప్పనివ్వడం లేదు. ఈరోజు బండి వెనక్కి జారి లోయ అంచుకు పోయింది. మా అన్నను కూడా తీసుకుపోతే గానీ మీ ఆయనకు తోచదా?”

ఆమె ఒలిచే వేళ్ళు ఆగాయి. వీధిలో పోయే వాళ్ళు నిలబడి చూస్తున్నారు. నేను ఇంకా ఏదో అరవడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆమె తిరిగి అరిస్తే బాగుండేది.

“అబ్బోడికి దెబ్బలేమన్నా తగిలినాయా?” అని అడిగింది.

“లేదు.”

“మీరందరూ ఎడమకాలి చెప్పు విడిచి ఆ బండి ఎక్కుతాండారు కదా?”

“అవును. నేను కాదు, వాళ్ళు.”

“మరి ఆయన చెప్పు యాడ?”

ఆమె లేచి లోపలికి పోయింది. గోడ గూట్లో గుడ్డ చుట్టి ఒక చెప్పు ఉంది. టైరు పొరలు కుట్టిన ఎత్తు చెప్పు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని పైన దుమ్ము తుడిచింది.

“మనిషిని తెచ్చినారు, దీన్ని ఇంటికి తెచ్చినారు. ఆ కాలు మాత్రం ఆడనే ఉండిపోయె. దాన్ని చెప్పు లేకుండా కింద పెట్టేది కాదు తల్లీ, పెడితే ఆయన పడిపోయేవాడు. చెప్పు కనబడకుంటే యట్ల దిగుతాది? నేనే అనుకోల్యా ఇన్ని రోజులు. శుక్రవారం శుక్రవారం చూసిపోతానే ఉండా, రోంత కూడా తోచలా.”

పెడలుకు ఖాళీ లేదని చెప్పబోయాను. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డుకు వచ్చింది. శుక్రవారం కాదు. చెప్పును కొంగులో పెట్టుకుని బండి ఎక్కి, డ్రైవరు సీటు కింద, మడమ వెనక్కి, వేళ్ళవైపు ముందుకు ఉండేలా పెట్టింది. పెడలు మీద అరచెయ్యి ఆనించింది. ఎప్పటికంటే ఎక్కువసేపు. పెదవులు కదిలాయి గానీ ఏమందో ఎవరికీ వినబడలేదు. దిగి వచ్చి, మేస్త్రీ చేతిలోంచి పానా తీసుకుని అన్న చేతికి ఇచ్చింది.

“తిప్పు నాయనా. ఆయన కాలికి చోటు చూపించినా.”

అన్న మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ గొణుగుతున్న దువా ఆపి తల ఊపాడు. అన్న బండి కింద పడుకున్నాడు. నట్టు ముందు కదల్లేదు. పెద్దాయన చేతి బిగువు మరి. మేస్త్రీ కూడా కిందికి దూరి పానా చివర పట్టుకున్నాడు. కీచుమని ఒక్క చప్పుడు, ఆ తర్వాత ఎండిన కుంకుమ పొరలు పొరలుగా అన్న ముఖం మీద రాలింది. తుడుచుకోలేదు. దానితోనే సాయంత్రందాకా పనిచేశాడు. గేరుబాక్సు దించారు. పాత ప్లేటు బయటికి తీశారు, లైనింగు నల్లగా గాజులా మెరిసిపోతోంది, కొన్నిచోట్ల రివిట్లు తేలి ఉన్నాయి. కొత్త ప్లేటు, మామ పంపిన గట్టి స్ప్రింగులు ఎక్కించారు. చివర్లో మేస్త్రీ రాడ్డు నట్టును పట్టుకుని కొద్ది కొద్దిగా తిప్పుతూ, “ఇప్పుడు చూడు,” అన్నాడు. అన్న పెడలును చేత్తో నొక్కాడు. రెండు వేళ్ళ మందం కిందికి ఊరికే పోయింది, ఆ తర్వాత స్ప్రింగు బరువు తగిలింది.

అన్న మళ్ళీ నొక్కాడు. మళ్ళీ.

“ఏం తగలడంలా,” అన్నాడు.

“తగలకూడదు,” అన్నాను.

“అదే. ఏం తగలడంలా.”

మొదటి ట్రిప్పు మాత్రం నేను కూడా వస్తానన్నాను. ఓనరు ఫోను దగ్గర ఎవరుంటారన్నాడు. “మీరే ఉండండి,” అన్నాను. డ్రైవరు పక్క సీటులో కూర్చున్నాను. కనుమ మొదట్లో ఉన్న చిన్న గుడి దగ్గర అన్న ఎప్పటిలా కొబ్బరికాయ కొట్టాడు, చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. ఎక్కేముందు చెప్పు విడిచాడు. ఎడమది.

బండి ఎక్కసాగింది. ఇంజను గొంతు కిందికి దిగింది. ఆ మూలుగు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. వెనక ఎవరో “ఏమప్పా, ఈ పొద్దు బండికి కొత్త పెండ్లికొడుకు ఊపు వచ్చినట్టుండాదే,” అన్నారు. జనం నవ్వారు. అన్న నవ్వలేదు. మలుపు కనబడింది. అన్న చేతులు స్టీరింగు మీద వణికాయి. నేను చూశాను. గేరు మార్చడానికి కాలు ఎత్తి పెడలు మీద పెట్టాడు. పెడలు ఆ ఖాళీలో ఊరికే కిందికి పోతుంటే, వాడి ముఖంలో చిన్న పిల్లవాడు చీకట్లో అమ్మ కొంగు కోసం చెయ్యి చాచినప్పటి చూపు ఒకటి వచ్చి పోయింది. తర్వాత స్ప్రింగు తగిలింది. గేరు పడింది. బండి జారలేదు. పళ్ళు బిగించి లాగింది. మలుపు తిరిగింది. గేటు దాకా ఎక్కడా ఆగలేదు.

గేటు దగ్గర అన్న బండి ఆపి, ఇంజను ఆపేసి, స్టీరింగు మీద తల వాల్చాడు. పట్టుకుని కుదిపాను.

“యాడికీ పోలేదు మే, ఈడనే ఉండా,” అన్నాడు. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. “దిగిపోయినాడు.”

అప్పుడు కిందికి చూశాం. ఎగుడుదిగుడు దారిలో సీటు కింది చెప్పు ముందుకు జరిగి వచ్చింది. పెడలుకు వేలెడు దూరంలో, వేళ్ళవైపు దానికేసి తిరిగి, ఎవరో ఇప్పుడే విడిచి పోయినట్టు ఉంది. అది పెడలు కిందికి దూరి ఉంటే ఏమయ్యేది? అన్న చెప్పును తీసి, మూటలు కట్టే పురికొస అడిగి తెచ్చి, సీటు కాలుకు గట్టిగా కట్టేశాడు. మూడు ముళ్ళు వేశాడు. ముడి వేసేటప్పుడు దానితో ఏదో అన్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

ఇప్పటికీ ఆ బండి మా అన్నే తోలుతున్నాడు. ఆదివారం తానే కింద పడుకుని రెండు వేళ్ళ ఖాళీ చూసుకుంటాడు. చెప్పు సీటు కాలుకు కట్టే ఉంది. ఆమె శుక్రవారాలు రావడం మానేసింది.

నేను ఫోను దగ్గరే ఉన్నాను. గేటాయన “ఎక్కింది పాపా” అని చెప్పేదాకా ఇప్పుడు ఆగలేకపోతున్నాను. బండి మలుపు దగ్గరికి వస్తున్నప్పుడే పిడి తిప్పి, రిసీవరు లోయవైపు పట్టమని చెప్పాను. ఎందుకని ఆయన అడగడు. గాలిలోంచి ముందు మూలుగు వస్తుంది. బాగుంది అనుకుంటాను. ఇంతలో మలుపు దగ్గర ఆ మూలుగు ఆగుతుంది. అన్న గేరు మారుస్తున్నాడు. కాలు ఆ రెండు వేళ్ళ ఖాళీలోంచి కిందికి పోతోంది. ఆ కాసేపు తీగలో ఏ చప్పుడూ ఉండదు. నేను రిసీవరును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని, అక్కడ ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించి, నేనూ బిగబడతాను.

తర్వాత ఇంజను మళ్ళీ అందుకుంటుంది.